చీటీ నాది, చెయ్యి అతనిది

మా చర్చిలో గంట కొట్టే తాత కాలు నా సేవ వల్లే నిలిచిందని మా సంఘమంతా ఒక ఏడాది నమ్మింది. అది నిజం కాదు. ఈస్టర్‌కు ముందు నలభై దినాల ఆ శ్రమకాలంలో నేను ఆ కాలును ఒక్కసారే ముట్టుకున్నాను, అది కూడా అందరూ చూస్తుండగా. వాళ్లు ఎందుకు అలా నమ్మారో, నేను ఎందుకు నోరు విప్పలేదో ఇక్కడ రాస్తున్నాను.

అలియాబాద్ దాటాక కరీంనగర్ రోడ్డు పక్కన నాకు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటారు తెస్తే పాత రాగితీగ పీకేసి, కొత్తది చుట్టి, వార్నిష్ పోసి ఇస్తాను. చుట్టుపక్కల పొలాలు ఫామ్‌హౌసులు అయ్యాక పని పెరిగింది. మా సొంత తాత మా చర్చి గోడలకు రాళ్లు మోసినవాళ్లలో ఒకడు. సంఘ పెద్దగా చాలాకాలం ఉన్నాడు. ఆయన తర్వాత మా నాయన. ప్రసంగ పీఠానికి ఎడమవైపు చేతులున్న చెక్క కుర్చీ ఒకటి ఉంటుంది. సంఘ పెద్ద దానిలో కూర్చుంటాడు. నాయన అందులో కూర్చుని ఉంటే చిన్నప్పుడు నేను ఆ కుర్చీ కాళ్ల దగ్గర చాప మీద నిద్రపోయేవాణ్ణి. నాయన పోయినప్పుడు నేను చిన్నవాణ్ణని దాన్ని వేరొకరికి ఇచ్చారు. ఆ పెద్దాయన తన కొడుకు దగ్గరికి మేడ్చల్ వెళ్లిపోవడంతో పోయిన ఏడాది ఆ కుర్చీ ఖాళీ అయింది. అది నాకే వస్తుందని నేను అనుకోలేదు. అది నాదే అనుకున్నాను.

కానీ అప్పటికే మా చర్చిలో అతను ఉన్నాడు.

శామీర్‌పేట చెరువులో వల వేసే కుటుంబాల మనిషి. నాకంటే పదేళ్లు చిన్న. నాలుగేళ్ల కింద బాప్తిస్మం తీసుకున్నాడు. పొద్దున్నే మోపెడ్ వెనక డబ్బా కట్టుకుని గల్లీల్లో చేపలు అమ్ముతాడు. ఆదివారం స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని వచ్చినా దగ్గర కూర్చుంటే చెరువు వాసన తెలుస్తుంది. మేము మూడు తరాల క్రైస్తవులం. ఇతనికి బైబిల్లో ఏ పుస్తకం ఎక్కడుందో వెతుక్కోవడానికే సమయం పడుతుంది. అయినా ప్రార్థన చేయమంటే లేచి, "అయ్యా, నిన్నటి దినం గడిసింది. గీ దినం గూడ నువ్వే నడిపియ్యి" అని కూర్చునేవాడు. ఆ రెండు మాటలకే చర్చి అంతా గట్టిగా ఆమెన్ అనేది. నేను వాక్యాలన్నీ వరుసగా పెట్టి పది నిమిషాలు ప్రార్థించేవాణ్ణి. మధ్యలో కళ్లు తెరిస్తే జనం గోడ గడియారం చూస్తూ కనిపించేవారు.

మా ఇంట్లో కూడా అతని మాటే. మా అత్తమ్మకు జ్వరమొచ్చి పడుకుంటే ఒకరోజు చూడడానికి వచ్చాడట.

"వచ్చి పీట మీద కూసున్నడు. ఏం మాట్లాడలే. పోయేటప్పుడు నీళ్ల డ్రమ్ము నింపి పోయిండు" అంది నా భార్య.

"నేనెన్నిసార్లు నింపలే?"

"నింపినవు. నింపి నాలుగుసార్లు జెప్పినవు."

ఆమె నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. శ్రమకాలం మొదలయ్యే బూడిద బుధవారం నాడు ఆరాధన అయ్యాక ఒక పళ్లెంలో చీటీలు పెడతారు. ఒక్కో చీటీలో ఒకరి పేరు ఉంటుంది: మంచం పట్టినవాళ్లు, ఒంటరిగా ఉన్నవాళ్లు, చేయిసాయం కావలసినవాళ్లు. ఒక్కొక్కరం ఒక చీటీ తీసుకుని, ఆ పేరున్న మనిషికి నలభై దినాలు సేవ చేయాలి. ఎవరి పేరు వచ్చిందో ఎవరికీ చెప్పకూడదు. చేసింది చెప్పుకోకూడదు. ఈస్టర్ ముందు గురువారం సాయంత్రం పాదాలు కడిగే ఆరాధనలో చీటీలు తిరిగి ఇవ్వాలి. పాస్టరు అయ్యగారు ఒక్కొక్కటి చదివితే, ఆ చీటీ తీసుకున్న మనిషి లేచి నిలబడతాడు. ఆ నలభై దినాల్లో అదొక్కటే బయటపడే సమయం.

పోయిన ఏడాది చీటీలు తీయించే ముందు అయ్యగారు కుర్చీ వైపు చూపించి, "ఈస్టర్ అయ్యాక పెద్దను నిలబెట్టుకుందాం. మాట్లాడే మనిషిని కాదు, మోసే మనిషిని చూడండి" అన్నారు. నా ముందు వరసలోని ఆడవాళ్లు ఇద్దరు మెల్లగా తల తిప్పి చేపలాయన వైపు చూశారు. ఆ రెండు తలలు తిరగడం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

నా చీటీలో గంట కొట్టే తాత పేరు వచ్చింది. నా లోపల ఎగిరి గంతేసినంత పనైంది. సంఘంలో తాతను ఎరగనివాళ్లు లేరు. ఆయన కాలికి షుగరు పుండు పడి, గంట కొట్టడం మానేసి రెండు నెలలైంది. ఇటువంటి చీటీ వచ్చాక కుర్చీ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. శ్రమకాలం మొదటి రోజున నా మనసులో ఉన్నది అదే.

తాత చర్చి వెనక ఉన్న రేకుల గదిలో ఉంటాడు. చూపు దాదాపు పోయింది. వెలుగు, నీడ తెలుస్తాయి, మొహాలు తెలియవు. మరునాడు పొద్దున బ్రెడ్డు, అరటిపండ్లు తీసుకుని వెళ్లాను. ఆయన సంచి తడిమి చూశాడు.

"షుగరు మనిషికి అరటిపండ్లు తెచ్చినవా కొడుకా? మంచిగనే జూసుకుంటవు నన్ను."

నేను నవ్వాను కానీ గదిలో ఊపిరి తీసుకోలేకపోతున్నాను. వార్నిష్ వాసనలో ఇరవై ఏళ్లుగా బతుకుతున్న ముక్కు నాది. ఆ పుండు వాసన ముందు అది పనికి రాలేదు. రెండో రోజు సర్కారు దవాఖాన నర్సమ్మ వచ్చి ఉంది. రోజూ పొద్దున ఎవరైనా కట్టు విప్పి, కడిగి, కొత్త కట్టు కట్టకపోతే వేళ్లు తీసేయాల్సి వస్తుందని చెప్పింది. గుడ్డ పొట్లం నా చేతికి ఇచ్చింది. తాత కాలు నా వైపు చాపాడు. నేను ఫోను తీసి చెవికి పెట్టుకున్నాను. అది మోగలేదు. ఫామ్‌హౌసులో మోటారు కాలిందట, నీళ్లు లేవట అని చెప్పి, పొట్లం మంచం మీద పెట్టి బయటికి వచ్చాను.

మళ్లీ వెళ్లలేదు. మార్చి నెల. మోటార్లు కాలే కాలం. షాపు ముందు వరసగా మోటార్లు పడి ఉండేవి. రేపు, రేపు అనుకుంటూ పది రోజులు గడిచాయి. చీటీ చొక్కా జేబులోనే ఉండేది. చొక్కా మార్చినప్పుడల్లా దాన్ని తీసి వేరే జేబులో పెట్టుకునేవాణ్ణి.

ఒకరోజు పొద్దున ఏడు గంటలకు షాపుకు పోతూ చర్చి పక్క సందులో చేపలాయన మోపెడ్ చూశాను. తాత గది ముందే ఆపి ఉంది. నాకు ముందు సిగ్గు వేసి ఉంటే ఇది రాసే అవసరం ఉండేది కాదు. నాకు కోపం వచ్చింది. నా చీటీని దొంగిలించాడనిపించింది. కుర్చీ కోసమే చేస్తున్నాడని, ఎక్కడో ఒక తప్పు దొరుకుతుందని బండి దూరంగా ఆపి, గోడ పక్కనుంచి వెళ్లి కిటికీలోంచి చూశాను.

అతను నేల మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎడమ అరచేయి తాత మడమ కింద పెట్టాడు. వెంటనే కడగలేదు. కాలి బరువంతా ఆ చేతిలోకి దిగేదాకా ఊరికే ఆగాడు. తర్వాత కుడిచేత్తో కట్టు విప్పాడు. అంటుకున్న చోట నీళ్లు చుక్క చుక్కగా వేసి, గుడ్డ తనంతట తాను వదిలేదాకా చూశాడు. విప్పిన గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"వాసన తగ్గింది తాతా. గిప్పుడు నీ కాలి కన్న నా డబ్బానే ఎక్కువ కంపు."

"నీ డబ్బా వాసనకు నోట్ల నీళ్లూరుతున్నయ్ రా. ఎన్ని దినాలాయెనో నీసు ముట్టక."

"ఈస్టరు నాడు బొచ్చె చేప తెస్త. తలకాయ నీకే."

"గది సరే గని, నా చీటీ నీకే వచ్చిందా?"

"గది అడగొద్దు గద తాతా" అన్నాడతను.

శ్రమకాలంలో మావాళ్లు మాంసం, చేపలు తినరు. అతని బేరం సగం పడిపోతుంది. ఉన్న సగం బేరాన్ని కూడా ఆపుకుని అతను అక్కడ కూర్చున్నాడని నాకు తెలుసు. లోపలికి వెళ్లి, తమ్మీ, ఆ చీటీ నాది, నాకు చేతకాలేదు అని చెప్పడానికి నాలుగు అడుగులు చాలు. నేను చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి బండి తీశాను.

ఆ తర్వాత తాత పుండు ఆరుతోందని ఇంటింటి ప్రార్థనల్లో అందరూ చెప్పుకునేవారు. ఎవరు చూస్తున్నారని ఎవరూ అడగలేదు. అడగకూడదు కదా. అతను గురువారం రోజు చెప్పేస్తాడని నేను భయపడుతూ ఉన్నాను. చెబితే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను: నా చీటీని నీకెవరు తీసుకోమన్నారు, నియమం తెలియదా అని.

గురువారం సాయంత్రం చర్చి నిండింది. అయ్యగారు చీటీలు చదవడం మొదలుపెట్టారు. ఒక చీటీలో దేవరయాంజాల్ వైపు నుంచి వచ్చే ఒంటరి ఆడమనిషి పేరు వచ్చింది. ఆమెకు మోకాళ్లు పోయి నీళ్లు మోసుకోవడం చేతకాదు. చేపలాయన లేచి నిలబడ్డాడు. ఆమె కూర్చున్న చోటి నుంచే, "నీళ్లయితే మోసిండు, అబద్ధమెందుకు. గని ఏడు కొడుతుంటే బిందె గట్లనే ఇడిసి ఉరుకుతుండె. ఏడికి ఉరుకుతుండెనో ఆ దేవునికే తెల్వాలె" అంది. చర్చి అంతా నవ్వింది. అతనూ నవ్వాడు, తల గోక్కున్నాడు. ఏడింటికి ఎక్కడికి పోయేవాడో ఆ చర్చిలో ముగ్గురికే తెలుసు. అతనికి, తాతకు, నాకు.

తర్వాత నా చీటీ. అయ్యగారు తాత పేరు చదివారు. నేను లేచి నిలబడ్డాను. నిలబడడం అబద్ధం కాదు, చీటీ నాకే వచ్చింది. అంతవరకే అని నాకు నేను చెప్పుకున్నాను. అయ్యగారు చీటీ పళ్లెంలో పెట్టి, "వేళ్లు నిలిచినై అని నర్సమ్మ చెప్పింది. రోజూ కడిగిన చెయ్యి వల్లనే నిలిచినై అంది. దేవునికి స్తోత్రం" అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. నా భార్య నా వైపు చూసిన చూపు పెళ్లయిన కొత్తలో కూడా నేను చూడలేదు. నేను చేపలాయన వైపు చూశాను. అతనూ స్తోత్రం అన్నాడు. అతని ముఖంలో కొంచెం కోపం కనిపించి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఏమీ కనిపించలేదు. ఆ నిమిషంలో అతని మీద పుట్టినంత అసూయ నాకు అంతకుముందు ఎప్పుడూ పుట్టలేదు.

"ఈ రోజు తాత పాదాలు నేను కాదు, మీరే కడగండి" అన్నారు అయ్యగారు.

తాతను ముందుకు తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. వాళ్లు పట్టించుకోలేదు గానీ నేను చూశాను, అది సంఘ పెద్ద కూర్చునే ఆ చేతుల కుర్చీయే. నేను మోకాళ్ల మీద కూర్చుని పళ్లెం దగ్గరికి లాక్కున్నాను. తొందరగా అయిపోవాలని పాదాన్ని వేళ్ల దగ్గర పట్టుకుని పైకి ఎత్తాను. తాత ఒళ్లు జలదరించింది. కాలు వెనక్కి తీసుకోబోయి ఆగాడు. ముందుకు వంగి, నా చెవికి మాత్రమే వినబడేటట్టు అన్నాడు.

"మడమ కింద చెయ్యి పెట్టు కొడుకా. ఆయన గట్లనే పెడుతుండె."

నా చెయ్యి ఆగిపోయింది. తాత నిటారుగా కూర్చుని, అందరికీ వినబడేలా, "నీళ్లు మంచిగున్నయ్" అన్నాడు.

ఈస్టర్ తర్వాత ఆదివారం నన్ను సంఘ పెద్దగా నిలబెట్టారు. ఏడాదంతా నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. తాత మళ్లీ గంట కొట్టడం మొదలుపెట్టాడు. గంట మోగినప్పుడల్లా ఈ రోజు చెబుతాడు అనుకునేవాణ్ణి. చెప్పలేదు. చేపలాయనకు మాత్రం ఏడు గంటల ఉరుకుడు అనే మాట అంటుకుంది. ఎక్కడికైనా ఆలస్యంగా వస్తే, "ఏమయ్యా, బిందె ఇడిసి వచ్చినవా?" అని ఆటపట్టించేవారు. అతను ఊరికే నవ్వేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునేవాణ్ణి. పొద్దున షాపుకు పోతుంటే అతని మోపెడ్ ఇంకా ఆ సందులోనే కనబడేది. కుర్చీ నాకు వచ్చింది, పేరు నాకు వచ్చింది. అతని దగ్గర ఉన్నది మాత్రం నాకు రాలేదు. అదేమిటో చెప్పమంటే అప్పుడు చెప్పలేకపోయేవాణ్ణి.

ఈ ఏడాది బూడిద బుధవారానికి వారం ముందు అయ్యగారు పిలిచారు. చీటీలు తీయించే ముందు నేను నిలబడి, పోయిన ఏడాది తాతకు చేసిన సేవ గురించి సాక్ష్యం చెప్పాలట. కొత్తవాళ్లు ధైర్యం తెచ్చుకుంటారట. సరే అయ్యగారు అన్నాను. ఆ రోజు ఒక మోటారుకు తీగ తప్పు చుట్టి, అంతా మళ్లీ పీకాను. మూగగా ఉండడం ఇన్నాళ్లు నడిచింది. నోరు తెరిచి చెప్పడం వేరు.

మరునాడు పొద్దున చెరువు దగ్గరికి వెళ్లాను. అతను వల దులుపుతున్నాడు. నన్ను చూసి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"వందనాలన్నా. గింత పొద్దుగాల వచ్చినవేంది? చేపలు గావాల్నా?"

నేను చెప్పాను. కిటికీ దగ్గర నిలబడడం కూడా చెప్పాను. అతను వలలో చిక్కిన నాచు తీస్తూనే విన్నాడు.

"నాకెర్కనే అన్నా. నీ బండి చప్పుడు నాకు తెల్వదా."

"తెలిసి ఎందుకు ఊకున్నవు మరి?"

"చెప్పొద్దన్నరు గద. చెప్పొద్దంటే ఊకున్న." నాచు ఒడ్డున పారేశాడు. "కోపం రాలేదంటే అబద్ధమైతది. ఆ గురువారం ఇంటికి పోయి అన్నం తినలే. నా భార్య నవ్వింది. కాలు మంచిగైందా లేదా అనడిగింది. అయ్యింది అన్న. ఇగ తిను అన్నది."

"బుధవారం నాడు అందరి ముందు చెప్తా తమ్మీ. నీ పేరు చెప్తా."

"నాకోసమైతే వద్దన్నా. నీ మనసుల నొస్తున్నదంటే చెప్పుకో." వల భుజం మీద వేసుకున్నాడు. "ముందుగాల తాతకు చెప్పు. కాలు ఆయనది."

నేను కష్టపడి తెచ్చిన పశ్చాత్తాపాన్ని అతను ఒక చేపను పక్కన పెట్టినట్టు పక్కన పెట్టాడు. సిగ్గు విడిచి రాస్తున్నాను, అక్కడ కూడా నాకు అసూయే కలిగింది. అతను ఏడ్చి నన్ను హత్తుకుంటాడని, ఎంత పెద్ద మనసన్నా అంటాడని అనుకుంటూ వెళ్లాను. తప్పు ఒప్పుకోవడంలో కూడా అతని కంటే ఒక మెట్టు పైన నిలబడాలని చూశాను.

అక్కడి నుంచే తాత గదికి వెళ్లాను. చలికాలంలో పుండు మళ్లీ పగిలింది. కట్టు ఉంది. నేను మొదలుపెట్టకముందే తాత అన్నాడు.

"చెప్తవో లేదో అని ఏడాది నుంచి సూస్తున్న. గంట కొట్టినప్పుడల్లా నీ దిక్కు మొకం తిప్పుతుంటి. మొకమైతే కనబడది గని."

"నువ్వెందుకు చెప్పలేదు తాతా? ఆ రోజే చెప్పాల్సింది."

"నేను చెప్తే నీ ఇజ్జత్ పోతుండె. నువ్వు చెప్తే పోదు. పోయినా గింతే పోతది." వేళ్లతో చూపించాడు. తర్వాత కాలు నా వైపు చాపాడు. "ముచ్చట తర్వాత. నీళ్లు ఎచ్చజెయ్యి."

బుధవారం చర్చిలో చెప్పాను. బాగా చెప్పలేదు. అనుకున్న మాటలు తారుమారయ్యాయి. అతను ఏడు గంటలకు బిందె వదిలి ఎక్కడికి ఉరికేవాడో మాత్రం చెప్పగలిగాను. మోకాళ్ల నొప్పుల ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా భార్య కింద చాప వైపు చూస్తూ కూర్చుంది. రెండు రోజుల తర్వాత, "ఆ గుడ్డలు ఇంట్ల ఉడకబెట్టి ఇస్త, తీస్కపో" అంది. అంతే.

కుర్చీ దిగిపోయాను. అయ్యగారు చేపలాయనను అడిగారు. పొద్దుగాల వల ఉంటుంది, మీటింగులకు రాలేను అన్నాడతను. ఇప్పుడు సంఘ పెద్ద ఆ మోకాళ్ల నొప్పుల ఆమె. కుర్చీలో కూర్చుని అందరినీ పేరుపేరునా అడుగుతుంది, ఎవరు ఎవరింటికి పోయారో, ఎవరు పోలేదో. రహస్యం ఉండాలి గద అని అయ్యగారు అంటే, "పోయిన ఏడాది ఉండె గద రహస్యం, ఏమాయె?" అంటుంది. నా వైపు చూసి నవ్వుతుంది. నేనూ నవ్వుతాను.

పొద్దున్నే తాత గదికి ఒకరోజు అతను, ఒకరోజు నేను. వాసనకు ఇంకా అలవాటు పడలేదు. నిన్న కట్టు విప్పుతుంటే, "నీ చేతులు గట్టిగున్నయ్ కొడుకా. ఆయనయి మెత్తగుంటయ్" అన్నాడు తాత. నీళ్లలో, వలలో నానే ఆ చేతులు మెత్తగా ఎలా ఉంటాయో నాకు అర్థం కాదు. ఆ మాటకు లోపల పాత మంట మళ్లీ లేచింది. లేస్తూనే ఉంటుందేమో.

ఎడమ చెయ్యి మడమ కింద పెట్టాను. బరువు దిగేదాకా ఆగాను.